రెట్ట నుంచి నేల దాకా: ఐదు గొట్టాల ప్రాజెక్టు డైరీ

జూన్

ధ్రువ ప్రాంతాల్లో నేల అనదగ్గది చాలా తక్కువ. అంటార్కిటికా ఖండంలో మంచు కప్పని భూమి నూటికి ఒక వంతు కూడా లేదు. ఉన్న ఆ కాస్తలోనూ ఎక్కువ భాగం రాళ్లు, గులక, ముతక ఇసుకే. అక్కడ కుళ్లి ఎరువయ్యేందుకు ఆకులు రాలవు, మట్టిని తిరగదోడేందుకు వానపాములు లేవు. అలాంటి చోటికి వేసవిలో పెంగ్విన్లు, పెట్రెల్ పక్షులు వేలాదిగా చేరి, సముద్రంలో తిన్నదంతా గట్టు మీద రెట్టగా వదిలితే, ఆ రాతిపొడి కొన్నేళ్లలో పూర్తిగా వేరే పదార్థంగా మారిపోతుంది. 1959లో సిరోయెచ్‌కోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ నేలలను ఆర్నిథోజెనిక్ నేలలుగా ప్రత్యేకించి గుర్తించారు. ఈ డైరీలో వాటిని పక్షిజన్య నేలలు అంటాను.

మా కళాశాలలో రెండో సంవత్సరం బీఎస్సీ విద్యార్థులకు ఈ ఏడాది ప్రాజెక్టుగా ఇదే విషయాన్ని ఇచ్చాను. అంటార్కిటికాకు వెళ్లలేము కాబట్టి, అక్కడ జరిగే మార్పుల్లో హైదరాబాదులో ఒక గదిలో చేసి చూడగలిగినవి ఏవో ముందు తేల్చుకున్నాం. రెట్టలో ప్రధానంగా రెండు పోషకాలు ఉంటాయి, ఒకటి నత్రజని, రెండోది భాస్వరం. ఈ రెండూ నేలలో ఒకే దారిన నడవవు. ఏది ఎప్పుడు ఎటు పోతుంది, చలి, తడి ఆ దారిని ఎలా మారుస్తాయి అన్నదే మా ప్రశ్న.

నేలకు ఆధారంగా రోబో శాండ్ తెచ్చాం. సిమెంటు దుకాణంలో దొరికే ఈ ఇసుక నిజానికి క్రషర్‌లో పిండి చేసిన గ్రానైటే. అంటార్కిటికాలో మన మైత్రి కేంద్రం ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లోనూ భూమి నైస్ అనే శిలలతోనే ఏర్పడింది. గ్రానైట్‌లాగే వాటిలోనూ ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, అభ్రకం ఉంటాయి. అదీగాక తూర్పు అంటార్కిటికా, మన తూర్పు కనుమలు ఒకప్పుడు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న భూభాగాలే. కనుక రాతి విషయంలో మా నమూనా మరీ దూరపు చుట్టం కాదు.

మూడంగుళాల పీవీసీ పైపును అడుగున్నర పొడవున ఐదు ముక్కలుగా కోయించి, అడుగున దోమతెర గుడ్డ కట్టి, కడిగి ఆరబెట్టిన రోబో శాండ్ నింపాం. గొట్టాలకు అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టాం. "అ"లో రెట్ట వేయము, అది పోల్చి చూసుకోవడానికి మాత్రమే. "ఆ" గదిలో ఉంటుంది. "ఇ" ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. "ఈ" గొట్టాన్ని రాత్రి ఫ్రీజర్‌లో, పగలు ఫ్రిజ్‌లో పెడతాం, ధ్రువ వేసవిలో నేల పై పొర రాత్రి గడ్డకట్టి పగలు కరిగినట్టు. ఈ నాలుగింటికీ వారానికోసారి కొలత ప్రకారం డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. "ఉ" కూడా ఫ్రిజ్‌లోనే ఉంటుంది గాని దానికి నీరు అసలు పోయము. ఈ చివరి గొట్టాన్ని చేర్చమన్నది ఒక విద్యార్థిని. "మేడం, అంటార్కిటికా ఎడారి కదా, అన్నిటికీ నీళ్లు పోస్తే ఎట్లా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు బదులు చెప్పడం కన్నా ఇంకో గొట్టం కోయించడమే న్యాయమనిపించింది.

జులై

రెట్ట కోసం పావురాల జోలికి పోలేదు. హైదరాబాదులో పావురాలకు కొదవ లేదు గాని అవి గింజలు తినే పక్షులు. పెంగ్విన్ తినేది క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులు, చేపలు. మాంసకృత్తులు ఎక్కువగా తిన్న పక్షి రెట్టలో నత్రజని ఎక్కువ, ఎముకలు, పొలుసులు, పెంకులు కలిసినందువల్ల భాస్వరమూ ఎక్కువ. అందుకని నగర శివారులో ఒక చెరువు కట్ట మీద నీటికాకులు, కొంగలు రాత్రి వాలే తుమ్మచెట్టు కింద సేకరించాం. మాస్కు, చేతి తొడుగులు లేనిదే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎండిన రెట్టను గీకితే లేచే దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ముందు నీళ్లు చిలకరించి, తడిసిన తరువాతే గరిటెతో ఎత్తాం. ఎత్తినదాన్ని జల్లించి, బాగా కలిపి, నాలుగు గొట్టాల మీదా ఒకే బరువున పరిచాం.

పక్షి రెట్టలో కనిపించే తెల్లని భాగం యూరిక్ ఆమ్లం. మనం నత్రజని వ్యర్థాన్ని యూరియాగా నీళ్లలో కరిగించి వదులుతాం. పక్షులు నీటిని పొదుపు చేసుకుంటూ దాదాపు కరగని యూరిక్ ఆమ్లంగా వదులుతాయి. ధ్రువ నేలల కథకు మొదలు ఈ కరగని గుణమే. దీన్ని విద్యార్థులు కళ్లారా చూడాలని మ్యురెక్సైడ్ పరీక్ష చేయించాను. చిటికెడు తెల్లని భాగాన్ని పింగాణీ గిన్నెలో వేసి, ఫ్యూమ్ హుడ్ కింద గాఢ నత్రికామ్లం చుక్కలు వేసి, మరుగుతున్న నీటి బీకరు మీద పెట్టి మెల్లగా ఇగర్చాలి. అడుగున పసుపు కలిసిన ఎర్రని మరక మిగులుతుంది. చల్లారాక డ్రాపర్‌తో ఒక్క చుక్క అమ్మోనియా ద్రావణం దాని అంచుకు తాకించగానే, చుక్క పాకిన మేరకు మరక వంకాయ రంగులోకి తిరిగింది. ఇక ముందు ఏ గొట్టంలో యూరిక్ ఆమ్లం ఇంకా మిగిలి ఉందో, ఎక్కడ అయిపోయిందో తెలుసుకోవడానికి ఈ వంకాయ రంగే మాకు గుర్తు.

ఆగస్టు

"ఆ" గొట్టం వాసన మొదలుపెట్టింది. వానాకాలపు తేమకు గది వెచ్చదనం తోడయ్యేసరికి సూక్ష్మజీవులు యూరిక్ ఆమ్లాన్ని వరసగా విరగ్గొట్టి యూరియాగా, ఆపై అమ్మోనియాగా మార్చేశాయి. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని గొట్టం మూతి దగ్గర వేలాడదీస్తే కాసేపట్లోనే నీలంగా మారింది. వాచ్‌మన్ మెట్ల దగ్గర ఆపి, "ఏడికెళ్లి వస్తున్నది మేడం గీ వాసన?" అని అడిగాడు. అతను కూర్చునే చోటికీ మా గదికీ మధ్య పొడవాటి వరండా ఉంది. ఆ ప్రశ్ననే నేను తరగతిలో పాఠంగా వాడుకున్నాను, ఎందుకంటే ధ్రువాల దగ్గర ఈ వాసన ప్రయాణించే దూరం చిన్నది కాదు.

అంటార్కిటిక్ ద్వీపకల్పం చివర అర్జెంటీనాకు చెందిన మరాంబియో కేంద్రం ఉంది. దానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో 60,000 దాకా అడెలీ పెంగ్విన్లున్న కాలనీ ఉంది. 2023 వేసవిలో అక్కడ గాలిని కొలిచిన శాస్త్రవేత్తలు 2025లో ఆ ఫలితాలు ప్రచురించారు. గాలి కాలనీ వైపు నుంచి వీచినప్పుడు అమ్మోనియా వంద కోట్ల భాగాల్లో 13.5 భాగాలకు చేరింది. మామూలుగా అక్కడ ఉండే మట్టుతో పోలిస్తే ఇది వెయ్యి రెట్ల పైమాటే. ఇంకా గమనించవలసింది ఏమిటంటే, ఫిబ్రవరి చివర పెంగ్విన్లు వెళ్లిపోయిన తరువాత కూడా, రెట్ట ఇంకిన ఆ నేల నుంచి వస్తున్న అమ్మోనియా మామూలు మట్టుకు వంద రెట్ల పైనే ఉండింది. అంటే పక్షి లేకపోయినా నేల తన పని తాను చేసుకుపోతుంది. ఇలా ఎగిరిన అమ్మోనియా గాలిలో గంధకామ్లపు ఆవిరితో కలిసి సూక్ష్మ కణాలుగా ఏర్పడి మేఘాలకు బీజమవుతుంది. కొంత చుట్టుపక్కల నేల మీదే దిగుతుంది. పెంగ్విన్, సీల్ గుంపుల నుంచి గాలిలో వచ్చే నత్రజని వల్ల కిలోమీటరు అవతల కూడా నాచులు, లైకెన్లు, వాటిలో బతికే చిన్న పురుగుల వైవిధ్యం పెరుగుతుందని 2019లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. "ఇ" గొట్టం మూతి దగ్గర లిట్మస్ నెలంతా ఎర్రగానే ఉండి, నెలాఖరుకు అంచుల్లో కొద్దిగా ఊదా రంగు తేలింది. "ఉ" దగ్గర ఏ మార్పూ లేదు. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ మీటర్ (7 కన్నా ఎక్కువైతే క్షారం, తక్కువైతే ఆమ్లం) కూడా ఇదే చెప్పింది. కడిగిన రోబో శాండ్ నుంచి దిగే నీరు మొదటి నుంచీ 7.8 దగ్గర ఉంది, ఎందుకంటే కొత్తగా పగిలిన ఫెల్డ్‌స్పార్ నీటిని కొద్దిగా క్షారంగా మారుస్తుంది. "ఆ" నుంచి దిగిన నీరు 9కి చేరింది. "ఇ" 8 దాటి ఆగింది. "ఈ" గొట్టం మాత్రం మేము ఊహించినట్టు "ఇ"కి తోబుట్టువులా నడవలేదు. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ దాని అడుగు నుంచి డికాక్షన్ దిగినట్టు ముదురు గోధుమ నీరు దిగుతోంది, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్ అంకె "ఇ" కన్నా బాగా ఎక్కువ చూపుతోంది. మంచు స్ఫటికాలు రెట్ట ముద్దలను లోపలి నుంచి చీలుస్తాయి. సూక్ష్మజీవుల కణాలు కూడా పగిలి వాటిలోని లవణాలు బయటపడతాయి. ధ్రువ నేలల్లో వేసవి మొదట్లో మంచు కరిగే రోజుల్లో పోషకాలు ఒక్కసారిగా పొంగి వస్తాయని చదువుకున్నది ఇక్కడ ఒక బీకరులో కనిపించింది. స్థిరమైన చలి కన్నా ఊగిసలాడే చలికే నేలను మార్చే శక్తి ఎక్కువని ఇప్పటికి నా అభిప్రాయం.

సెప్టెంబర్

సెలవుల వల్ల పని తక్కువ. "ఆ" గొట్టం నీటితో విద్యార్థులు బ్రౌన్ రింగ్ పరీక్ష చేశారు. ఇంటర్మీడియెట్‌లో లవణ విశ్లేషణ చేసిన ప్రతివారికీ చేయి తిరిగిన పరీక్షే. ఫెర్రస్ సల్ఫేట్ కలిపిన నీటి కిందికి పరీక్షనాళిక గోడ వెంట సల్ఫ్యూరిక్ ఆమ్లం జారవిడిస్తే రెండు పొరల మధ్య గోధుమ వలయం చక్కగా నిలిచింది. నైట్రేట్ వచ్చిందన్నమాట. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పని అందుకుంది. ఆ పనిలో ఆమ్లం పుడుతుంది కాబట్టి పీహెచ్ 9 నుంచి కిందికి దిగడం మొదలైంది. "ఇ", "ఈ" నీళ్లలో వలయం లేదు.

అక్టోబర్

పీహెచ్ "ఆ"లో 6.5 దాకా పడింది. మొదట క్షారం, తరువాత ఆమ్లం అన్న ఈ క్రమం అంటార్కిటికాలో కాలం మీదా కనిపిస్తుంది, పటం మీదా కనిపిస్తుంది. ఇప్పుడు పెంగ్విన్లు గూళ్లు పెడుతున్న తాజా రెట్ట నేల క్షారగుణంతో ఉంటుంది. తేమ ఉన్న చోట్ల పాతబడినకొద్దీ ఆమ్లగుణం వస్తుంది. కింగ్ జార్జ్ దీవిలో పోలండ్‌కు చెందిన ఆర్క్‌టౌస్కీ కేంద్రం 1977 నుంచి నడుస్తోంది. ఆ పరిసరాల్లో 1980లలో తాతూర్, మిర్హా అనే శాస్త్రవేత్తలు పెంగ్విన్ కాలనీల కింద నేలను పొరలు పొరలుగా పరిశీలించారు. పై పొరలో స్ట్రూవైట్, ఎపటైట్ అనే భాస్వర ఖనిజాలు ఉన్నాయి. కింద, రెట్ట నీరు రాతిని తిన్న చోట, ల్యూకోఫాస్ఫైట్, మిన్యులైట్, తారనకైట్ అనే ఖనిజాలు ఏర్పడ్డాయి. రెట్టలోని భాస్వరం రాతిలోని ఇనుము, అల్యూమినియంతో కలిసి కట్టిన ఖనిజాలివి. అంత చలిలో రాయి రసాయనికంగా శిథిలం కావడమే అరుదనుకుంటే, అక్కడ పక్షి రెట్ట దాన్ని కరిగించి కొత్త ఖనిజాలుగా పోతపోసింది. పొడిగా, ఇంకా చలిగా ఉండే రాస్ సముద్ర తీరంలో, కేప్ రాయిడ్స్, కేప్ క్రోజియర్ వంటి కాలనీల్లో, నీరు కిందికి దిగేదే తక్కువ కాబట్టి రెట్ట రెట్టగానే పేరుకుని, ఆ కింది గులకరాళ్లలో మార్పు పెద్దగా ఉండదు.

మా గొట్టాలు ఏమన్నాయో చూద్దామని ఈ నెల మళ్లీ మ్యురెక్సైడ్ పరీక్ష చేశాం. "ఆ" పై పొరలో వంకాయ రంగు రాలేదు, యూరిక్ ఆమ్లం పూర్తిగా అయిపోయింది. "ఇ"లో లేతగా వచ్చింది, "ఈ"లో ఇంకా లేతగా. "ఉ"లో మాత్రం జులైలో చూసినంత చిక్కగా వచ్చింది. ఫ్రిజ్ తలుపు తెరిచి పక్కపక్కనే పెట్టి చూస్తే "ఉ"లో రెట్ట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, "ఇ"లో బూడిద రంగు జిగురుగా మారింది. ఉష్ణోగ్రత ఒక్కటే. తేడా అంతా నీటిదే. నీళ్లు లేని గొట్టం కావాలని పట్టుబట్టిన ఆ విద్యార్థినికి ఆ రోజు తరగతిలో తిరుగులేకుండా పోయింది.

ఒక హెచ్చరిక ఇక్కడే రాసుకోవాలి. మా రెట్టలో ఉన్న సూక్ష్మజీవులు హైదరాబాదు ఎండకు అలవాటు పడినవి. వాటిని నాలుగు డిగ్రీల్లో పెట్టి "చలి ఎంత నెమ్మది చేసిందో" అని తీర్పు చెప్పడం పూర్తిగా సరికాదు, ఎందుకంటే ధ్రువ నేలల్లో ఆ చలికే పుట్టి పెరిగిన జీవులున్నాయి. ఈ విషయంలో మన ఊరికి మంచి చరిత్రే ఉంది. ఇక్కడి సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి స్ఫింగోబాక్టీరియమ్ అంటార్కిటికస్ అనే కొత్త బ్యాక్టీరియాను వేరుచేసి 1992లో ప్రకటించారు. అలాంటి జీవి మా "ఇ" గొట్టంలో ఉండి ఉంటే అక్కడ పని ఇంత మందకొడిగా సాగేది కాదేమో.

నవంబర్

భాస్వరం లెక్క తేల్చే నెల. అడుగు నుంచి దిగిన నీటిలో భాస్వరం మొదటి నుంచీ అంతంత మాత్రమే. నెస్లర్ ద్రావకం వేస్తే పసుపు నుంచి గోధుమ దాకా రంగు చూపి అమ్మోనియా తన ఉనికి చాటుకున్న నీళ్లే, భాస్వరాన్ని నీలం రంగుతో చూపే మాలిబ్డేట్ వేసినప్పుడు లేత నీలం దాటలేదు. మరి రెట్టలోని భాస్వరం ఏమైంది? "ఆ", "ఇ" గొట్టాల ఇసుక మీద దీన్ని తేల్చుకోవాలని "ఆ" పైపును హాక్సా బ్లేడుతో నిలువునా చీల్చాం. "ఇ"ని చీల్చకుండా మూతి నుంచి సన్నని గొట్టం దించి నమూనా లాగాం. రెండింటిలోనూ ఐదేసి సెంటీమీటర్లకు ఒక చెంచా ఇసుక తీసి, పలచని ఆమ్లంలో నానబెట్టి వడగట్టి, ఆ నీటికి అమ్మోనియం మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి పరీక్షనాళికలను స్టాండులో లోతు వరసన పెట్టాం. పై నాళిక సిరా నీలం. రెండోది దానికి కాస్త తక్కువ. మూడో దానికి రంగు సగానికి పడిపోయింది. అక్కడి నుంచి అడుగు దాకా ఉన్నవాటికీ, రెట్టే వేయని "అ" గొట్టపు నాళికకూ తేడా కంటికి ఆనలేదు. "ఇ"లోనైతే రంగంతా మొదటి నాళికలోనే ఉండిపోయింది. ఇన్ని నెలల పాటు నీళ్లు పోసినా భాస్వరం జానెడు లోతు దాటలేదు.

నత్రజని గాలిలోకి ఎగురుతుంది, నీటిలో దిగిపోతుంది. భాస్వరం పడిన చోటే రాతిని పట్టుకుని ఉంటుంది. ఇంత సాదా తేడా మీద ధ్రువ పరిశోధనలో ఎంత పని ఆధారపడి ఉందో తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. పెంగ్విన్లు వదిలిపెట్టి వేల ఏళ్లయిన కాలనీలను కూడా నేలలోని భాస్వరంతో గుర్తుపట్టవచ్చు. అంటార్కిటికాలోని ఆర్డ్‌లీ దీవిలో ఒక సరస్సు అడుగున పేరుకున్న మట్టిలో రెట్ట నుంచి వచ్చిన మూలకాలను పొర పొరకూ కొలిచి, అక్కడ 3,000 ఏళ్లుగా పెంగ్విన్ల సంఖ్య ఎలా పెరిగి తగ్గిందో చైనా శాస్త్రవేత్తలు 2000లో చెప్పగలిగారు. నత్రజని కూడా జాడ లేకుండా పోదు. అమ్మోనియాగా ఎగిరేటప్పుడు నత్రజని పరమాణువుల్లో తేలికైన రకం (ఐసోటోపు) ముందు పోతుంది కనుక మిగిలిన నేలలో బరువైన నత్రజని-15 పాలు పెరుగుతుంది. దాన్ని కొలిచే యంత్రం మా కళాశాలలో లేదు.

నెస్లర్ ద్రావకంలో పాదరసం ఉంటుంది కాబట్టి వాడిన నీటిని సింకులో పోయనివ్వకుండా వేరే సీసాలో పడుతున్నాం. ల్యాబ్ అటెండర్‌కు ఇది చాదస్తంగా తోచింది. పక్షులు మోసుకొచ్చేది ఎరువొక్కటే కాదని అప్పుడే విద్యార్థులకు చెప్పాను. కెనడా ఆర్కిటిక్‌లో డెవన్ దీవి మీది కేప్ వేరాలో ఫుల్మార్ పక్షుల కాలనీ కింద ఉన్న కుంటల్లో పాదరసం, డీడీటీ దూరపు కుంటల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్టు 2005లో తేలింది. సముద్రపు ఆహారపు గొలుసులో పోగుపడిన విషాన్ని పక్షులు రెట్టతో పాటు గట్టెక్కించాయి.

డిసెంబర్

మొక్క మొలుస్తుందా అన్నది చివరి భాగం. ఆవాలు ఎంచుకున్నాం, దానికి కారణముంది. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో చిన్న ఆక్‌లు, కిట్టివేక్‌లు అనే సముద్రపక్షులు గూళ్లు పెట్టే కొండవాలుల కింద పచ్చగా దట్టంగా పెరిగే కాక్లేరియా మొక్క ఆవ కుటుంబానిదే. విటమిన్ సి లేక చిగుళ్ల నుంచి నెత్తురు కారే స్కర్వీ జబ్బుకు పూర్వం నావికులు ఈ ఆకునే తినేవారు. ఆ దీవుల్లో పచ్చదనం ఎక్కడుందో చూస్తే పక్షులు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. దీనికి తలకిందులైన ఉదాహరణ అలాస్కా దగ్గరి ఎల్యూషన్ దీవులు. బొచ్చు తోళ్ల వ్యాపారం కోసం కొన్ని దీవుల్లో వదిలిన నక్కలు పక్షులను తినేశాక, రెట్ట అందక అక్కడి గడ్డిభూములు పొట్టి టండ్రాగా మారిపోయాయి.

ప్రతి గొట్టం పై పొర నుంచి తీసిన ఇసుకను ప్లాస్టిక్ గ్లాసుల్లో వేసి ఆవాలు చల్లాం. "అ"లో మొలకలు వచ్చి, రెండాకుల దగ్గర పాలిపోయి ఆగాయి. "ఉ"లో ఒక్కటీ మొలవలేదు. తడి తగలగానే దాచిపెట్టిన యూరిక్ ఆమ్లమంతా కుళ్లడం మొదలై, గింజలు ఆ లవణాలకు, అమ్మోనియాకు మాడిపోయాయి. "ఇ"లో కొద్దిపాటి మొలకలు వేళ్ల కొసలు గోధుమ రంగుకు తిరిగి వాలిపోయాయి. "ఈ"లో ఇంకాస్త మెరుగు. "ఆ"లో మాత్రం ఆవ మొక్కలు ముదురాకుపచ్చగా గ్లాసు అంచు దాటాయి. పెంగ్విన్లు కాపురముంటున్న కాలనీ నడిబొడ్డున ఏ మొక్కా ఎందుకు ఉండదో, దాని చుట్టూ ప్రాసియోలా అనే ఆకుపచ్చ శైవలం వలయంగా ఎందుకు పరుచుకుంటుందో, పక్షులు ఖాళీ చేసి వెళ్లిన పాత కాలనీల మీద అంటార్కిటికాకు ఉన్న రెండే రెండు పూల మొక్కలు, డెషాంప్సియా గడ్డి, కొలోబాంథస్, ఎందుకు బలపడతాయో చెప్పడానికి ఈ ఐదు గ్లాసుల కన్నా మంచి బోధనోపకరణం నాకు ఇంతవరకు దొరకలేదు. పక్షుల తొక్కిడి కూడా అక్కడ పెద్ద కారణమేనని, దాన్ని మేము గ్లాసులో చూపలేదని నివేదికలో రాయమన్నాను.

వచ్చే సెమిస్టర్‌కు రెండు పనులు మిగిలాయి. "ఉ"లో సగం రెట్టకు ఇప్పుడు నీరు పోయడం మొదలుపెట్టి, ఇన్నాళ్లు నిలవ ఉన్న రెట్ట "ఇ" దారిలోనే నడుస్తుందో లేదో చూడాలి. రెండోది, ఉపగ్రహ చిత్రాల పని. క్రిల్ తిన్న పెంగ్విన్ల గులాబీ రంగు రెట్ట మరకలను అంతరిక్షం నుంచి గుర్తుపట్టవచ్చు. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గరి డేంజర్ దీవుల్లో అలా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో మరకలు చూశాకే అక్కడికి వెళ్లి లెక్కించి, 7,51,527 జతల అడెలీ పెంగ్విన్లున్నాయని 2018లో ప్రకటించారు. అంటార్కిటికాలో మన భారతి కేంద్రం దగ్గరున్న ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) యాంటెన్నాలు అందుకునే ఉపగ్రహ సమాచారం హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌కే చేరుతుంది. ఉచితంగా దొరికే ల్యాండ్‌శాట్ చిత్రాల మీద ముగ్గురు విద్యార్థులు ఇప్పటికే పని మొదలుపెట్టారు. ఫ్రిజ్‌ను జనవరిలో జీవశాస్త్ర విభాగానికి తిరిగి ఇవ్వాలి కాబట్టి "ఇ", "ఈ" గొట్టాలను ఆ లోపే చీల్చి, ఇసుకను ఆరబెట్టి, లోతు రాసిన కవర్లలో భద్రపరుస్తాం.